మెట్ట సేద్య పరిశోధనలో జెండర్ సమన్యాయం: ప్రతిపాదన నుంచి చివరి లెక్క దాకా ఏం చేయాలి

వర్షాధార సేద్యంలో అన్నిటికన్నా కొరత నీటికే అని అనుకుంటాం. నిజానికి అంతకన్నా కొరతైనది పదును నిలిచే కాలం. వాన కురిశాక విత్తడానికి అనువైన తేమ కొద్ది రోజులే ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో అరక గానీ ట్రాక్టరు గానీ మొదట ఎవరి చేలోకి దిగుతుంది, చివరికి ఎవరి చేలోకి వస్తుంది అన్నదే ఆ ఏటి దిగుబడిలో పెద్ద భాగాన్ని తేల్చేస్తుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్ ప్రాంతంలో భార్యకూ భర్తకూ వేర్వేరు మడులు ఉండే చోట్ల స్త్రీ సాధారణంగా ముందు కుటుంబపు ఉమ్మడి పొలంలో విత్తి, కలుపు తీసి, ఆ తర్వాతే తన మడి దగ్గరికి వెళ్తుంది. అప్పటికి పదును తప్పిపోయి ఉంటుంది. కోతల సమయానికి పరిశోధకుడు తక్కెడతో వచ్చి స్త్రీల మడుల్లో దిగుబడి తక్కువగా ఉందని రాసుకుంటాడు. ఆ లోటులో ఎంత భాగం ఆమె వంతు వరుసలో ఆఖరిది కావడం వల్ల వచ్చిందో ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు.

ఏటా కురిసే వర్షాన్ని నేల నుంచీ మొక్కల నుంచీ ఆవిరి కాగల నీటితో భాగిస్తే 0.65 కన్నా తక్కువ వచ్చే ప్రాంతాలను శుష్క ప్రాంతాలు అంటారు. భూతలంలో దాదాపు 40 శాతం ఇటువంటిదే. స్త్రీలు నిర్వహించే పొలాలకూ, అంతే విస్తీర్ణంలో పురుషులు నిర్వహించే పొలాలకూ ఉత్పాదకతలో 24 శాతం తేడా ఉందని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో ప్రకటించింది. వనరులు సమానంగా అందితే స్త్రీల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగగలదని అదే సంస్థ 2011లో అంచనా వేసింది. ఈ సంఖ్యలను ప్రతిపాదన మొదటి పుటలో ఉటంకించి రెండో పుట నుంచి మరిచిపోవడం పరిపాటి. మెట్ట పంటలపై ప్రాజెక్టు తయారు చేస్తున్న శాస్త్రవేత్త, దాన్ని గ్రామంలో అమలు చేసే సంస్థ ఉద్యోగి లేదా పరిశోధక విద్యార్థి అయిన మీరు రెండో పుట నుంచి ఏం చేయాలో ఈ వ్యాసం చెబుతుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. అందరికీ ఒకే శిక్షణ, ఒకే విత్తన సంచి, ఒకే సమావేశ సమయం ఇవ్వడం సమానత్వం అనిపించుకోవచ్చు కానీ సమన్యాయం కాదు. విత్తడానికి వంతు రాని మనిషికీ, సొంత ట్రాక్టరు ఉన్న మనిషికీ ఒకే రోజున ఒకే విత్తనం ఇస్తే రెండోవారి చేలోనే అది సకాలంలో మొలుస్తుంది. ఎవరికి ఏ అడ్డు ఉందో గుర్తించి, ఆ అడ్డును తొలగించే పనిని పరిశోధనలోనే భాగం చేయడం సమన్యాయం. పరిశోధన ముగిశాక కలిపే అనుబంధ కార్యక్రమంతో అది రాదు.

మొదటి అడుగు: సమస్యను రాసే వాక్యాన్ని విప్పి చూడండి

మీ ప్రతిపాదనలో సమస్యను వివరించే పేరాను ముందు పెట్టుకొని, అందులో ‘రైతు’ అనే మాట వచ్చిన ప్రతి చోటా గీత గీయండి. వ్యాకరణం ప్రకారం ఆ మాట స్త్రీకీ పురుషుడికీ చెల్లుతుంది. అయినా స్త్రీ గురించి చెప్పాలనుకున్నప్పుడు ‘మహిళా రైతు’ అని విడిగా అనవలసి వస్తున్నదంటే, ఉత్త ‘రైతు’ అన్నప్పుడు మన మనసులో ఎవరు మెదులుతున్నారో తెలిసిపోతుంది. ఐక్యరాజ్య సమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించవలసి రావడం కూడా ఈ అలవాటు ఎంత బలమైనదో చెబుతుంది.

గీత గీసిన ప్రతి చోటా ఆ మాట తీసేసి, అక్కడ జరుగుతున్న పనిని, ఆ పని చేసే మనిషిని రాయండి. ‘రైతులు కలుపు సమస్యను ఎదుర్కొంటున్నారు’ అనే వాక్యం ‘విత్తిన తర్వాత మూడు, నాలుగు వారాల మధ్య స్త్రీలు చేతితో కలుపు తీస్తున్నారు, అదే సమయంలో వారికి కూలి పనులు కూడా ఎదురవుతున్నాయి’ అని మారవచ్చు. ఇలా మార్చినప్పుడు సమస్యే మారిపోవడం చాలాసార్లు చూస్తాం. కలుపు మందు పరిశోధనగా మొదలైనది కూలి సమయపు పరిశోధనగా తేలవచ్చు. వాక్యంలో ఎవరిని రాయాలో మీకు తెలియకపోతే, ఆ తెలియకపోవడమే మీ మొదటి పరిశోధన ప్రశ్న.

రెండవ అడుగు: పంట కాలాన్ని పని వారీగా, మనిషి వారీగా గీయించండి

ఈ అడుగుకు డబ్బు పెద్దగా అవసరం లేదు, ఓపిక కావాలి. గ్రామంలో స్త్రీలతో ఒక బృందం, పురుషులతో మరో బృందం విడివిడిగా కూర్చొని, దుక్కి మొదలుకొని నిల్వ దాకా ప్రతి పనికీ ఎవరు ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు వెచ్చిస్తారో ఒక పెద్ద కాగితం మీద గుర్తించాలి. దాని కిందనే వాన పడే వారాలను గీయాలి. అదే కాగితంపై నీళ్లు మోసుకురావడం, వంట చెరకు, పశుగ్రాసం సేకరణ, వంట, పిల్లల సంరక్షణ వంటి వాటినీ చేర్చాలి. శుష్క ప్రాంతాల్లో కుటుంబాలు బంజర్లు, అడవి, చెరువు గర్భం వంటి ఉమ్మడి వనరుల మీద బాగా ఆధారపడతాయి. ఆ సేకరణలో చాలా భాగం స్త్రీల చేతి మీదుగానే జరుగుతుంది కానీ, వ్యవసాయ సర్వేలో దానికి గడి ఉండదు.

రెండు బృందాల కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఎక్కడ విభేదిస్తున్నాయో తెలుస్తుంది. ఆ విభేదాలను సర్ది ఒకే పట్టికగా చేయకండి. ఒక పని ‘మేమే చేస్తాం’ అని రెండు వర్గాలూ అన్నాయంటే ఒకరు నిర్ణయాన్ని, మరొకరు శ్రమను పని అని పిలుస్తున్నారేమో అడగాలి. ‘విత్తనం ఎంచేది నేను’ అనే భర్త కొనడం గురించి మాట్లాడుతూ ఉండవచ్చు. ‘నేను’ అనే భార్య గత పంటలో నుంచి గింజ ఏరి, బూడిద కలిపి, ఏడాది పొడవునా పురుగు పట్టకుండా కాపాడిన సంగతి చెబుతూ ఉండవచ్చు. మీ వంగడం గ్రామంలో నిలుస్తుందా లేదా అన్నది రెండో మనిషి చేతిలో ఎక్కువగా ఉంటుంది.

స్త్రీలందరినీ ఒకే ముద్దగా చూడటం ఈ దశలో చేసే మరో పొరపాటు. భూమి ఉన్న కుటుంబంలోని కోడలికీ, అదే పొలంలో కూలికి వచ్చే స్త్రీకీ, భర్త వలస వెళ్లగా ఒంటరిగా సేద్యం చేసే ఆమెకూ, గొర్రెలూ మేకలూ మాత్రమే ఉన్న వితంతువుకూ ప్రయోజనాలు ఒకటి కావు. కొన్నిసార్లు అవి పరస్పర విరుద్ధం కూడా. కనీసం భూమి, వయసు, కుటుంబ స్థితి అనే మూడింటి ప్రకారం బృందాలను విడదీయండి.

మూడవ అడుగు: ప్రాజెక్టుకు ముందు చేసే బేస్‌లైన్ సర్వేను కుటుంబం దగ్గర ఆపకండి

‘కుటుంబ యజమాని స్త్రీయా, పురుషుడా’ అన్న ఒక్క ప్రశ్నతో జెండర్ విశ్లేషణ ముగించే సర్వేలు ఇంకా వస్తూనే ఉన్నాయి. మెట్ట ప్రాంతాల్లో సేద్యం చేసే స్త్రీలలో ఎక్కువ మంది పురుషుడు యజమానిగా ఉన్న ఇళ్లలోనే ఉంటారు కాబట్టి, ఆ ప్రశ్న వారిని పూర్తిగా మాయం చేస్తుంది. మీ సర్వేలో కొలమానం కుటుంబం కాక మడి కావాలి. ప్రతి మడికీ అందులో ఏం వేయాలో ఎవరు నిర్ణయించారు, ఏ తేదీన విత్తారు, ఎరువు ఎంత పడింది, పంట ఎవరు అమ్మారు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని అడగాలి. విత్తిన తేదీని తప్పకుండా అడగండి. నా దృష్టిలో మెట్ట సేద్యపు జెండర్ సర్వేలో అంత చవకగా అంత ఎక్కువ చెప్పే ప్రశ్న మరొకటి లేదు.

మడి వారీ లెక్క ఏం చూపగలదో బుర్కినా ఫాసో అనుభవం చెబుతుంది. మెట్ట పంటలపై పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అక్కడి గ్రామాల్లో సేకరించిన సమాచారాన్ని ఆర్థికవేత్త క్రిస్టఫర్ ఉడ్రీ విశ్లేషించి 1996లో ప్రచురించారు. ఒకే ఇంట్లో, ఒకే ఏడాది, ఒకే పంట వేసిన మడుల్లో స్త్రీల మడులకు ఎరువూ శ్రమా తక్కువగా అంది దిగుబడి తగ్గిందని, ఉన్న వనరులనే ఇంట్లో సరిగా పంచుకొని ఉంటే మొత్తం ఉత్పత్తి సుమారు 6 శాతం పెరిగేదని ఆయన తేల్చారు. కుటుంబం మొత్తానికి ఒక సగటు తీసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. ఘానాలో మొక్కజొన్న గురించి షెరిల్ డాస్, మైఖేల్ మోరిస్ 2001లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపింది. కొత్త వంగడాలను, ఎరువులను స్త్రీలు తక్కువగా వాడటానికి కారణం వారి స్వభావం కాదు, భూమి, కూలీలు, విస్తరణ సిబ్బంది సలహా వారికి తక్కువగా అందడమే. అందువల్ల మీ విశ్లేషణలో ‘స్త్రీ’ అనే చలరాశి ముందు గుణకం రుణాత్మకంగా వచ్చినప్పుడు, అంటే స్త్రీల విషయంలో ఫలితం తక్కువని తేలినప్పుడు, అక్కడితో ఆగకుండా, దాని వెనుక ఏ వనరు లోటు దాగి ఉందో విడదీయాలి.

భార్యాభర్తలను ఒకే సమయంలో, ఒకరి మాట ఒకరికి వినిపించనంత దూరంలో, వేర్వేరు మనుషులు అడగాలి. స్త్రీలను అడగడానికి స్త్రీలనే నియమించడం మంచిది. సర్వే పత్రంలో ఫోన్ నంబరు గడి పక్కన ‘ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది’ అని రాసుకోండి. తర్వాత వాతావరణ సలహాలు పంపేటప్పుడు దాని అవసరం తెలుస్తుంది.

నాలుగవ అడుగు: వంగడపు గుణాల జాబితాలో గింజ దాటి చూడండి

మెట్ట పంటల వంగడాలకు సాధారణంగా దిగుబడి, బెట్టను తట్టుకోవడం, తెగుళ్లను తట్టుకోవడం, స్వల్పకాలికం కావడం అనే గుణాలు జాబితాలో ముందుంటాయి. ఇవన్నీ పొలంలో కొలిచేవి. గింజ పొలం దాటాక దానికి ఏమవుతుందో కొలిచే గుణాలు అడుగున ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. అక్కడి నుంచి పని ఎక్కువగా స్త్రీలది.

జొన్న, సజ్జ వంటి గింజలను పొట్టు తీసి తినే చోట్ల గింజ గట్టిదనం ఇందుకు తగిన ఉదాహరణ. మాలిలో ఇక్రిశాట్ అక్కడి జాతీయ సంస్థతో కలిసి జొన్న వంగడాలను రైతులతో ఎంపిక చేయించినప్పుడు, దంపుడులో ఎంత మిగులుతుంది, వండితే ఎలా ఉంటుంది అన్న పరీక్షలను స్త్రీలతో చేయించడాన్ని ఎంపికలో భాగం చేశారు. దాని అవసరం ఒక ఊహాత్మక లెక్కతో తేలిగ్గా అర్థమవుతుంది. పాత రకం 100 కిలోలు పండి, దంచిన తర్వాత 80 శాతం మిగిలితే తినడానికి వచ్చేది 80 కిలోలు. కొత్త రకం 115 కిలోలు పండినా, గింజ మెత్తగా ఉండి దంపుడులో నలిగిపోయి 65 శాతమే మిగిలితే వచ్చేది 75 కిలోలకు కాస్త తక్కువ. ప్రయోగ క్షేత్రంలో 15 శాతం గెలిచిన వంగడం ఇంట్లో ఓడిపోతుంది. మీ నివేదికలో అది ‘రైతులు ఆదరించలేదు’ అని నమోదవుతుంది.

వేరుశనగలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మలావి, జాంబియా వంటి దేశాల్లో కాయలను చేతితో ఒలవడం స్త్రీల పని. వేళ్లు నొప్పి పుట్టకుండా, పని త్వరగా సాగేలా కాయలను నీటిలో నానబెట్టే అలవాటు అక్కడ ఉంది. ఆ తడే బూజును పెంచి విషపదార్థానికి కారణమవుతుంది. ఈ సమస్యను తెగులుగా మాత్రమే చూసే బృందం నిరోధక వంగడం కోసం ఏళ్లు వెచ్చిస్తుంది, ‘నానబెట్టకండి’ అని కరపత్రం వేస్తుంది. పనిగా చూసే బృందం చేతితో తిప్పే ఒలుపు యంత్రాన్ని, తేలికగా పగిలే కాయ గుణాన్ని కూడా పరిశోధనలోకి తెస్తుంది. కరపత్రంతో వేళ్ల నొప్పి తగ్గదు కాబట్టి నానబెట్టడమూ ఆగదు.

శనగ విషయంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. శనగ ఆకుల నూగు నుంచి మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు ఊరతాయి. చేతులతో పీకి కోసేవారికి అవి మంట పుట్టిస్తాయి. ఎత్తుగా, నిటారుగా పెరిగి యంత్రంతో కోయడానికి వీలయ్యే వంగడం ఆ బాధను తప్పిస్తుంది. అయితే ఆ కోత కూలి మీదనే ఆధారపడిన స్త్రీలు ఉన్న చోట అదే వంగడం వారి సంపాదనను కూడా కోసేస్తుంది. ఇందులో ఏది సమన్యాయం అన్నదానికి ప్రయోగశాలలో జవాబు దొరకదు. రెండవ అడుగులో మీరు విడదీసిన బృందాలను వేర్వేరుగా అడిగి, నష్టపోయేవారికి ప్రత్యామ్నాయం ఏమిటో ప్రాజెక్టులోనే రాసుకోవాలి. జవాబు లేకపోతే లేదనే రాయండి. దాచడం కన్నా అది నయం.

ఆచరణలో ఏం చేయాలంటే, గుణాల జాబితా ఖరారు చేసే సమావేశానికి ముందే ప్రతి గుణం ఎదుట మూడు గడులు గీయండి: ఇది ఎవరి శ్రమను పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, ఎవరి ఆదాయాన్ని మారుస్తుంది, ఎవరి నియంత్రణను మారుస్తుంది. అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాల కూటమి అయిన సీజీఐఏఆర్ సంస్థల్లో వంగడాల తయారీదారులూ సామాజిక శాస్త్రవేత్తలూ కలిసి రూపొందించిన ‘జీ ప్లస్’ సాధనాలు దాదాపు ఇదే పనిని క్రమబద్ధంగా చేయిస్తాయి. ఒక గుణం స్త్రీలకు హాని చేస్తుందా, ఏమీ చేయదా, మేలు చేస్తుందా అని వాటిలో మార్కులు వేస్తారు. చొప్ప నాణ్యత, చేతితో కోయడానికి అనువైన ఎత్తు, ఉడికే సమయం, నిల్వలో పురుగును తట్టుకోవడం అనేవి ఇలా వెతికితే పైకి వచ్చే గుణాలు.

ఐదవ అడుగు: ప్రయోగ మడులు ఎవరి చేతిలో ఉన్నాయో లెక్కించండి

రైతుల పొలాల్లో ప్రయోగం అన్నప్పుడు రహదారి పక్కన మంచి నేల ఉన్న పెద్ద రైతు పొలమే ఎంపికవడం సిబ్బందికి సులభం. స్త్రీల చేతిలో ఉండేవి తరచుగా దూరపు మడులు, బలహీనమైన నేలలు. ఆ నేలల్లో పరీక్షించని వంగడం అక్కడ ఎలా పండుతుందో మీకు తెలియదు. అందువల్ల స్త్రీలు నిర్వహించే మడులు ప్రయోగంలో ఉండటం న్యాయం కోసం మాత్రమే కాదు, ఫలితపు విశ్వసనీయత కోసం కూడా అవసరం. ఎంపిక చేసిన మడిలో ఎరువు, విత్తే తేదీ ఆమె మామూలుగా చేసుకునే విధంగానే ఉండే ఒక వరుసను, మీ సిఫారసు ప్రకారం చేసే మరో వరుసను పెడితే వంతు ఆలస్యం వల్ల ఎంత నష్టమో కూడా తేలుతుంది.

సిరియాలో శుష్క ప్రాంతాల వ్యవసాయంపై పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇకార్డా చేపట్టిన బార్లీ వంగడాల భాగస్వామ్య కార్యక్రమం ప్రపంచంలో పేరు పొందింది. అందులో కూడా ఆరంభంలో పాల్గొన్న రైతులు దాదాపు అందరూ పురుషులే. స్త్రీలను కలుపుకోవడానికి తర్వాత ప్రత్యేకంగా ప్రయత్నించవలసి వచ్చింది. ‘అందరూ రావచ్చు’ అని పిలిచినంత మాత్రాన అందరూ రారు. రావడానికి వీలయ్యే గంటను స్త్రీలనే అడగండి, పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు చేయండి. స్త్రీలు, పురుషులు వేర్వేరు రంగు చీటీలతో మొక్కలకు ఓటు వేసేలా చూడండి, లెక్కను కూడా వేర్వేరుగానే ప్రకటించండి. కలిపి సగటు తీస్తే విడిగా ఓటు వేయించిన ప్రయాసే వృథా.

ఆరవ అడుగు: నేల, నీరు, యంత్రం మీద పనిచేసేటప్పుడు హక్కు పత్రం ముందు రాయించండి

సాగు పద్ధతులను సిఫారసు చేసేటప్పుడు హెక్టారుకు ఎన్ని కిలోలు అన్నదాంతో పాటు హెక్టారుకు ఎవరివి ఎన్ని గంటలు అని కూడా రాయాలి. ఇక్రిశాట్ ప్రచారం చేసిన సూక్ష్మ మోతాదు పద్ధతిని తీసుకోండి. గుంటకు 2 గ్రాముల డీఏపీ ఎరువు చొప్పున వేస్తే, హెక్టారుకు 10,000 గుంటలున్నప్పుడు 20 కిలోలతో సరిపోతుంది. పేద రైతుకు ఇది నిజంగా మేలైన పద్ధతి. కానీ చిటికెడు ఎరువును 10,000 సార్లు వంగి వేయవలసినది సరిగ్గా పదును ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే, ఆ వంగే నడుము ఎవరిదో చాలా చోట్ల అడగనక్కరలేదు. దీని అర్థం ఆ పద్ధతిని వదిలేయమని కాదు. విత్తనంతో పాటే ఎరువు వేసే సాధనం గానీ, విత్తనానికి ముందే పోషకం పూసే పద్ధతి గానీ అదే ప్రాజెక్టులో పరీక్షించాలని.

భూమి విషయంలో రెండు అనుభవాలు మీ ముందు ఉండాలి. గాంబియాలో 1980ల్లో చేపట్టిన జహలీ-పచార్ సేద్యపు నీటి ప్రాజెక్టు స్త్రీలు పండించే వరికి ఉద్దేశించినది. మడులు చాలావరకు స్త్రీల పేరునే నమోదయ్యాయి. కానీ నీరు వచ్చి, ఏడాదికి రెండు పంటలు పండి, డబ్బు కనిపించేసరికి ఆ మడులు కుటుంబపు ఉమ్మడి భూమిగా మారి, పంట పెత్తనం పురుషులకు దక్కింది. స్త్రీలకు శ్రమ మిగిలింది. శ్రమకు వేతనం అడిగినవారూ, పనికి రామన్నవారూ ఉన్నారు. పేరు రాయడం వేరు, పెత్తనం ఉండటం వేరు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. రెండవది నైజర్‌లోది. అక్కడ ఎవరికీ పనికిరాదని వదిలేసిన గట్టి నేలలను స్త్రీల సంఘాలకు ఇప్పించి, జాయ్ అనే చిన్న గుంటలు, వాన నీటిని ఆపే అర్ధచంద్రాకారపు కట్టలు తీయించి, బెండ, మునగ, రేగు వంటివి పెంచే పద్ధతిని ఇక్రిశాట్ ప్రవేశపెట్టింది. పనికిరాని నేల కాబట్టి స్త్రీలకు ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. నేల బాగుపడిన తర్వాత కూడా అడ్డు చెప్పకుండా ఉంటారా అన్నదే ఇటువంటి ప్రతి కార్యక్రమంలోనూ అసలు ప్రశ్న.

కాబట్టి మొదటి గుంట తవ్వే ముందే, భూమి ఇచ్చినవారు, సంఘం, గ్రామ పెద్దలు లేదా స్థానిక పాలన కలిసి ఎన్ని ఏళ్లకు, ఏ షరతులతో, నేల విలువ పెరిగితే ఏమిటి, ఆమె మరణిస్తే ఎవరికి, చెట్ల మీద హక్కు ఎవరిది అని స్థానిక చట్టం ప్రకారం చెల్లే పత్రం రాయించాలి. చెట్ల సంగతి తప్పక రాయండి. చాలా సమాజాల్లో చెట్టు నాటినవారికి నేల మీద వాదన పుడుతుంది. అందుకే కౌలుకు లేదా వాడుకకు ఇచ్చినవారు స్త్రీలను చెట్లు నాటనివ్వరు.

ఏడవ అడుగు: విత్తనం, సమాచారం సకాలంలో చేరేలా చూడండి

ఇది చిన్న పని, అయినా తరచుగా చెడిపోయేది ఇక్కడే. విత్తనాన్ని పెద్ద సంచుల్లో మాత్రమే అమ్మితే చిన్న మడి ఉన్నవారు కొనరు, కొత్త వంగడాన్ని కొద్దిగా వేసి చూసే అవకాశం కూడా పోతుంది. తూర్పు, పశ్చిమ ఆఫ్రికాల్లో మెట్ట పంటల విత్తనాన్ని చిన్న ప్యాకెట్లలో అమ్మించిన ప్రయత్నాలు ఈ అడ్డును తొలగించడానికే వచ్చాయి. ప్యాకెట్లను విత్తనాల దుకాణంలోనే కాక స్త్రీలు వారం వారం వెళ్లే చోట్ల కూడా ఉంచాలి. వాన సూచనలు భర్త ఫోన్‌కు మాత్రమే వెళ్తుంటే, మీరు సర్వేలో రాసుకున్న గడిని తీసి చూసి, స్వర సందేశం ఆమె వినగల సమయానికి ఆమె వినగల ఫోన్‌కు పంపండి.

ఎనిమిదవ అడుగు: బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు, బృందంలో అధికారం

జెండర్ నిపుణురాలిని రెండో ఏడాది చివరలో పిలిచి, అప్పటికే పూర్తయిన ప్రయోగాల మీద ఒక అధ్యాయం రాయమనడం కన్నా ఆమెను పిలవకపోవడమే మర్యాద. గుణాల జాబితా, ప్రయోగ స్థలాలు, సర్వే పత్రం ఖరారయ్యే సమావేశాల్లో ఆమెకు ఓటు ఉండాలి. పిల్లల సంరక్షణ, స్త్రీ సర్వేయర్ల ప్రయాణం, రెండు సార్లు అడగడానికి పట్టే అదనపు రోజులు, దంపుడు, వంట పరీక్షల ఖర్చు విడి పద్దుగా కనిపించాలి. ‘ఇతరములు’ కింద ఉన్నదే ముందు కోతకు గురవుతుంది.

తొమ్మిదవ అడుగు: చేరింది వేరు, లాభపడింది వేరు, శక్తి వచ్చింది వేరు

శిక్షణకు వచ్చినవారిలో స్త్రీలు 40 శాతం అని రాస్తే అది చేరిక మాత్రమే. వారి దిగుబడి, ఆదాయం, తీరిక పెరిగాయని చూపితే లాభం. ఆ ఆదాయాన్ని ఎలా ఖర్చు చేయాలో, మరుసటి ఏడాది ఏం విత్తాలో నిర్ణయించే బలం పెరిగిందని చూపితే అది సాధికారత. ఈ మూడింటినీ విడదీసి చూసే చట్రాన్ని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. మీ ప్రతిపాదనలోని ప్రతి లక్ష్యం ఎదుట ఈ మూడింటిలో ఏది అన్నది రాసుకుంటే, సాధికారత అని పేరు పెట్టి చేరికను కొలుస్తున్న చోట్లు మీకే కనిపిస్తాయి.

కొలవడానికి 2012లో అదే సంస్థ, మరి రెండు సంస్థలతో కలిసి వెలువరించిన వ్యవసాయంలో మహిళా సాధికారత సూచిక ఉంది. ఉత్పత్తి నిర్ణయాలు, వనరులు, ఆదాయంపై నియంత్రణ, నాయకత్వం, సమయం అనే ఐదు రంగాలను అది చూస్తుంది. అదే ఇంట్లోని పురుషుడితో స్త్రీని పోల్చుతుంది కూడా. రోజుకు 10.5 గంటల కన్నా ఎక్కువ పని చేసే మనిషికి సమయం విషయంలో లోటు ఉందని దాని లెక్క. ప్రాజెక్టుల అంచనాకు దీని ప్రత్యేక రూపం కూడా ఉంది. మొత్తం సూచికను వాడే స్తోమత లేకపోతే కనీసం సమయపు ప్రశ్నలను వాడండి, అవీ విత్తే వారాల్లోనూ కలుపు వారాల్లోనూ అడగండి. ఎండకాలంలో అడిగితే అందరికీ తీరిక ఉన్నట్లే తేలుతుంది.

పెరిగినవాటినే కాక చెడినవాటినీ కొలవాలి. స్త్రీ చేతికి డబ్బు వచ్చిన తర్వాత ఇంట్లో గొడవలు పెరిగాయా, భర్త ఇంటి ఖర్చు ఇవ్వడం మానేశాడా, పంట లాభసాటి కాగానే అది ఎవరి చేతిలోకి వెళ్లింది, బడికి వెళ్లే ఆడపిల్లను కలుపుకు ఆపారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. హింసకు సంబంధించిన ప్రశ్నలను శిక్షణ లేనివారితో అడిగించకండి. అడిగే ముందే సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకొని ఉండాలి. భర్తలను, అత్తమామలను, గ్రామ పెద్దలను మొదటి నుంచీ చర్చలో కూర్చోబెట్టండి. భార్యాభర్తలు కలిసి తమ ఇంటి పనులను, రాబడిని, ఖర్చును బొమ్మలుగా గీసి చూసుకునే పద్ధతులు కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్నాయి. ఉపన్యాసం కన్నా తమ చేతితో గీసిన బొమ్మే మనిషిని ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

పదవ అడుగు: ఫలితాలను వానకు ముందే గ్రామానికి తీసుకురండి

ఏటా తొలకరికి కనీసం నెల రోజుల ముందు, రెండవ అడుగులో గీసిన ఆ రెండు కాగితాలను మళ్లీ అదే బృందాల ముందు పరచండి. గత ఏడాది ఎవరి మడి ఏ తేదీన విత్తారో, దిగుబడి ఎంత వచ్చిందో, కొత్త వంగడమో పనిముట్టో ఎవరి గంటలను ఎటు జరిపిందో చదవడం రానివారికి కూడా అర్థమయ్యేలా బొమ్మలతో చూపించండి. తప్పుగా రాసుకున్నవాటిని వారినే సరిదిద్దమనండి. ఆ ఏడాదికి అరక, ట్రాక్టరు, విత్తే యంత్రం ఏ వరుసలో తిరగాలో, స్త్రీల మడులకు ఏ రోజులు కేటాయించాలో అక్కడే మాట్లాడించి, ఒప్పుకున్న తేదీలను కాగితం మీద రాయించి ఒక ప్రతి సంఘం దగ్గర, ఒక ప్రతి మీ దగ్గర ఉంచండి. వాన పడిన మూడో రోజున మీ సిబ్బందిలో ఒకరు ఆ కాగితం పట్టుకొని చేల గట్ల వెంట తిరిగి, రాసుకున్న వంతుకూ నడుస్తున్న వంతుకూ తేడా ఎంత ఉందో నమోదు చేసుకోవాలి.